‘ఫో’ క్రియాపదం గారికి, స్టాక్‌హోమ్ నుంచి

మహారాజశ్రీ ‘ఫో’ గారికి,

చలికి వణుకుతూ స్వీడిష్ నేర్చుకుంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మొదటిరోజు టీచరమ్మ నావైపు చూసి ‘ఫో’ అనగానే పుస్తకాలు సర్దేసుకున్నాను. మా నాన్న ఆ మాటంటే ఇక గడప దాటడమే మరి. ఇక్కడ దానర్థం ‘పొందు’ అట. సరే, పొందుదామనుకున్నాను. దక్కింది తలనొప్పి.

తమది పెద్ద వంశమే. స్వీడిష్‌కి పూర్వరూపమైన పాత నార్స్ భాషలో తమరు ‘ఫా’, అసలు అర్థం ‘పట్టుకో’. జర్మన్‌లో తమ దాయాది ‘ఫాంగెన్’ నేటికీ పట్టుకుంటూనే ఉంది. ఇంగ్లిష్‌వాళ్ళ కోరపన్ను ‘ఫ్యాంగ్’ కూడా చుట్టమే. అంటే కుర్రతనంలో లాక్కుని, పెద్దరికం వచ్చాక చేయిచాచి పుచ్చుకుంటున్నారన్నమాట. డెన్మార్క్, నార్వేల్లోనూ తమ హవానే.

పుచ్చుకోండి, కాదనను. అనుమతులిచ్చే పని కూడా తమకెందుకండీ? ‘డు ఫోర్ గో’ అంటే నువ్వు వెళ్ళవచ్చు. ‘డు ఫోర్ వెంతా’ అంటే మాత్రం ఆగక తప్పదు! మొన్న ఒక కౌంటర్ దగ్గర ఆవిడ ఆ రెండోది అంటే, ఆగడానికి పర్మిషన్ ఇస్తోందనుకుని, ‘వద్దండీ, థాంక్స్’ అన్నాను.

ఉద్యోగం ఊడితే ‘తన్ను పొందడం’ అంటారు, అది మనకీ అర్థమవుతుంది. అమ్మాయి కాదంటే ‘బుట్ట పొందడం’ ఏమిటి? మా పెళ్ళిళ్ళలో మేనమామ పెళ్ళికూతుర్ని బుట్టలో తెస్తాడు. ఇక్కడ బుట్ట చేతికొస్తే సంబంధం చెడినట్టు.

ఇక గొర్రెల గొడవ. వర్తమానకాలంలో తమరు ‘ఫోర్’. గొర్రె కూడా ‘ఫోర్’. ‘ఫోర్ ఫోర్ ఫోర్?’ గొర్రెకి గొర్రె పుడుతుందా? ‘నేయ్, ఫోర్ ఫోర్ ఇంతె ఫోర్, ఫోర్ ఫోర్ లమ్.’ లేదు, గొర్రెకి గొర్రె పుట్టదు, గొర్రెపిల్ల పుడుతుంది. (‘ఇంతె’ అంటే వీళ్ళకి ‘కాదు’. దాని మీద వేరే లేఖ రాస్తాను.) ‘కొద్దిమంది’ అనడానికీ ‘ఫో’నే. అర్థాలు మాత్రం కొద్ది కావు.

తమ మీద గట్టిగా ఫిర్యాదు చేద్దామనుకున్నాను. ఇంతలో తెలుగు నేర్చుకుంటున్న స్వీడిష్ మిత్రుడొకడు అడిగాడు: “జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, తెలుగు వచ్చు, వెళ్ళవచ్చు. అన్నిట్లోనూ రావడమేనా? మరి ‘రావచ్చు’ అంటే రెండుసార్లు రావాలా?”

జవాబు తోచక తమ పేరే అడ్డం పెట్టుకున్నాను. ‘వీ ఫోర్ సే’ అన్నాను. చూద్దాం అని.

ఇట్లు,
తమ వల్ల ఇంకా ఏమీ పొందని విద్యార్థి