తలుపు తెరిచి ఉంచితే సరిపోదు, మేనేజర్ గారూ

వాట్సాప్ గ్రూపుల్లో, లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టు ఎప్పటికప్పుడు కొత్త పేరుతో తిరుగుతూనే ఉంటుంది. దాని సారం ఇది: "ఉద్యోగి మనసు ఎలా ఉందన్నది వాళ్ల సొంత విషయం. మేనేజర్ సైకాలజిస్ట్ కాదు. ఒత్తిడి లేనిదే పని జరగదు. అయినా కంపెనీ ధ్యానం యాప్ ఇచ్చింది, హెల్ప్‌లైన్ నంబర్ ఇచ్చింది. నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇంతకంటే చేస్తే జనం అలుసు తీసుకుంటారు." కింద వరసగా చప్పట్ల బొమ్మలు. చదవగానే నిజమే కదా అనిపిస్తుంది. విడివిడిగా పట్టుకుంటే మాత్రం ఒక్క మాటే సగం నిలుస్తుంది.

మొదటిది, సొంత విషయం అన్న మాట. ఇంట్లో గొడవలు, అప్పులు, పాత గాయాలు ఎవరికైనా ఉంటాయి. వాటికి ఆఫీసు బాధ్యత లేదు, ఒప్పుకుందాం. కానీ పని కూడా మనిషిని కుంగదీయగలదు. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద వైద్య పరిశోధకుడు మైకేల్ మార్మట్ బృందం 1985లో మొదలుపెట్టిన రెండో వైట్‌హాల్ అధ్యయనం 10,308 మందిని ఏళ్ల తరబడి గమనించింది. వాళ్లంతా ఆఫీసు కొలువుల్లో ఉన్నవాళ్లే. అయినా తమ పని మీద తమకు అదుపు తక్కువగా ఉన్నవాళ్లకు గుండెజబ్బుల ముప్పు ఎక్కువని తేలింది. ఆసరా దొరకనివాళ్లలో, పడ్డ కష్టానికి తగ్గ ప్రతిఫలం లేనివాళ్లలో మానసిక సమస్యలు ఎక్కువగా కనిపించాయి. బర్నవుట్, అంటే పనివల్ల మనిషి పూర్తిగా అలసి డస్సిపోవడం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా సూటిగా చెప్పింది. దాన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా వర్గీకరించింది. సరిగా సంబాళించని దీర్ఘకాలపు పని ఒత్తిడి దానికి మూలమని నిర్వచనంలోనే రాసింది. పని ఎవరి చేతిలో ఉంటే సంబాళించడంలో పెద్ద వాటా వాళ్లదే కదా.

‘మేనేజర్ సైకాలజిస్ట్ కాదు’ అన్నదే ఆ సగం నిలిచే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాలు మేనేజర్లకు శిక్షణ ఇవ్వాలంటూనే, వాళ్లను వైద్యులుగా మార్చడం ఉద్దేశం కాదన్నాయి. "నీకు డిప్రెషన్ ఉన్నట్టుంది" అని టీమ్ లీడర్ తేల్చడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. "ఈమధ్య మీటింగుల్లో మాట్లాడటం లేదు, అలసటగా కనిపిస్తున్నారు, అంతా బాగానే ఉందా?" అని ఏకాంతంగా అడిగి, చెప్పేది విని, అవసరమైతే నిపుణుల దగ్గరికి దారి చూపడం చాలు.

అయితే సైకాలజిస్ట్ చేయలేని పనులు కొన్ని మేనేజర్ చేతిలోనే ఉన్నాయి. బ్రిటన్‌లో ఉద్యోగుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ పని ఒత్తిడికి ఆరు మూలాలను గుర్తించింది: పని భారం, పని మీద అదుపు, దొరికే ఆసరా, తోటివాళ్లతో సంబంధాలు, బాధ్యతల్లో స్పష్టత, మార్పులు తెచ్చే తీరు. ఈ ఆరింట్లో ఏదీ కౌన్సెలింగ్ గదిలో మారదు. ఇద్దరు బాసులు ఒకే మనిషికి ఒకదానికొకటి పొసగని పనులు చెబుతుంటే ఏ థెరపిస్ట్ ఆపగలరు? షిఫ్టు మారిందని ముందురోజు రాత్రి తెలిస్తే ఏ మాత్ర పనిచేస్తుంది? ఒకరు వెళ్లిపోయాక ఆ పని మిగిలినవాళ్ల నెత్తిన పడి, "తాత్కాలికమే" అంటూ ఏడాది గడిచిపోయే టీములు ఎన్ని లేవు! కొత్త పని ఇచ్చేటప్పుడు పాతవాటిలో ఏది ఆపాలో కూడా చెప్పడం, రాత్రి పంపిన మెసేజ్‌కు పొద్దున జవాబిచ్చినా ఫరవాలేదని ముందే చెప్పి ఆ మాట మీద నిలబడటం, అందరి ముందు తిట్టకపోవడం. మానసిక ఆరోగ్యానికి నాయకులు చేయగల సాయంలో ఎక్కువ భాగం ఇలాంటి మామూలు పనే. పోస్టర్‌కు ఎక్కదు కాబట్టి కాబోలు, ఎవరికీ పట్టదు.

ఇక ఒత్తిడి లేనిదే పని జరగదన్న వాదం. దీనికి చాలామంది చూపించేది తలకిందుల యూ ఆకారపు గీత: ఒత్తిడి పెరిగేకొద్దీ పని కొంతవరకు మెరుగై, ఆపైన దిగజారుతుందని. దాని పుట్టుక సరదాగా ఉంటుంది: 1908లో యర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు కరెంటు షాకులిచ్చి చేసిన ప్రయోగం. ఉద్యోగులను పరిగెత్తించడానికి అంత మంచి ఆధారం దొరికిందన్నమాట! పైగా ఆ ప్రయోగంలోనే, నేర్చుకోవాల్సింది కష్టమైనప్పుడు గట్టి షాకు పనిని చెడగొట్టింది. మనుషుల సంగతికొస్తే, పని ఒత్తిడిని పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే తేడా విడమరిచారు. భారం ఎక్కువైనా నిర్ణయాలు తమ చేతిలో ఉంటే మనిషి ఆ పనిలో ఎదగవచ్చు. భారం ఎక్కువై, అదుపు లేకపోతే నలిగిపోతాడు. గడువు పెట్టడం తప్పు కాదు. గడువూ మీరే పెట్టి, పద్ధతీ మీరే శాసించి, మధ్యలో అవసరాలు మార్చి, ఫలితానికి మాత్రం వాళ్లను నిలదీస్తేనే టెన్షన్ జబ్బుగా మారుతుంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి.

యాప్ ఇచ్చాం కదా అంటారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థలకు చెందిన 46,336 మంది సర్వే జవాబులను పరిశీలించి 2024లో ఫలితాలు ప్రచురించారు. ధ్యానం, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, యాప్‌ల లాంటివి వాడినవాళ్లు వాడనివాళ్లకంటే మెరుగ్గా ఏమీ లేరు. స్వచ్ఛంద సేవకు అవకాశం ఇవ్వడం ఒక్కటే కాస్త మినహాయింపు. ఒక్కసారి తీసిన సర్వే కాబట్టి ఇది ఆఖరి తీర్పు కాదు, ధ్యానంతో కుదుటపడేవాళ్లూ ఉంటారు. కానీ చిల్లు పడిన పడవలో కూర్చున్నవాళ్లకు ఈత పాఠాలు చెప్పి, చిల్లు మాట ఎత్తకపోతే ఎలా? హెల్ప్‌లైన్ ఉండాల్సిందే. ఫోన్ చేసిన సంగతి ఆఫీసుకు చేరదన్న నమ్మకం కూడా ఉండాలి. లేకపోతే ఆ నంబర్ గోడకే పరిమితం.

తెరిచిన తలుపు సంగతి. అప్రైజల్ రాసే మనిషి గదిలోకి వెళ్లి "నాకు నిద్ర పట్టడం లేదు" అని ఎవరు చెబుతారు? ఎవరూ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలిస్తే, నాయకత్వం బాగున్న చోటే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివాళ్లు చెప్పడానికి భయపడలేదని ఆమె తర్వాత గ్రహించారు. నిశ్శబ్దంగా ఉన్న టీమును చూస్తే నాకైతే కాస్త అనుమానమే.

చివరగా, అలుసు. తీసుకునేవాళ్లు ఉంటారు, జ్వరం సెలవుల్లోనూ ఉన్నారు. అందుకని జ్వరానికి సెలవు తీసేయలేదు. డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దొంగ సెలవులకు జడిసి దీన్ని వదిలేయడం లెక్కల ప్రకారం కూడా తెలివి కాదు. అసలు పరీక్ష సెలవు నుంచి తిరిగొచ్చిన రోజున మొదలవుతుంది. నెల తర్వాత వచ్చిన మనిషికి పేరుకుపోయిన పనంతా ఒకేసారి అప్పగిస్తే మళ్లీ సెలవే. మొదటి వారాల్లో ఎన్ని గంటలు, ఏయే పనులు అన్నది ముందే కూర్చుని మాట్లాడుకుని, రాసి పెట్టుకోవాలి. టీముకు ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, ఆ మనిషినే అడగాలి.