పంటి క్యాప్‌కి ఉప్పుగాలి తగిలిందట

మొన్న నా ఫోన్‌కి ఒక శుభవార్త వచ్చింది. "మీ పంటి క్యాప్‌కి అయిదేళ్ళు నిండాయి. ఈ నెలాఖరులోగా మార్పించుకోండి, పాత క్యాప్‌పై ఎక్స్ఛేంజ్ తగ్గింపు పొందండి" అని. మా పెళ్ళిరోజు నాకే గుర్తుండదు గానీ, నా కుడి దవడ పన్ను పుట్టినరోజు మాత్రం ఊళ్ళో ఒక క్లినిక్కు వారు లెక్కపెట్టి మరీ గుర్తుపెట్టుకున్నారు. ఆ పన్నుకి నొప్పి లేదు, కదలిక లేదు, చేగోడీలు దాంతోనే నములుతున్నాను. అయినా గడువు తీరిపోయిందట.

ఏం పాడైందమ్మా అని ఫోన్ చేసి అడిగాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, "మన వైజాగ్‌లో సముద్రపు గాలి కదండీ సార్, మెటల్ తొందరగా పోతుంది" అంది. నిజమే మరి. ఎంవీపీ కాలనీలో కిటికీ ఊచలు పోతాయి, ఏసీ డబ్బాలు పోతాయి, స్కూటర్ సైలెన్సర్లు పోతాయి, కాబట్టి ఆ గాలి నోట్లోకి దూరి క్యాప్‌ని కూడా కొరుక్కు తినేస్తుందన్నమాట. జీవితమంతా సముద్రం మీదే గడిపే మన ఫిషింగ్ హార్బర్ జాలర్లు ఈ లెక్కన నెలకో క్యాప్ మార్చుకోవాలి. సిరామిక్ క్యాప్ లోపల వాడే నికెల్ క్రోమియం, కోబాల్ట్ క్రోమియం లాంటి లోహాల్ని ఎంచుకున్నదే నోటి తడికి ఇనుములా తుప్పు పట్టవని. చింతపండు పులుసుకీ ఆవకాయకీ లొంగనిది బీచ్ రోడ్డు గాలికి లొంగుతుందా? అన్నిటికన్నా గొప్ప విషయం, నాది జిర్కోనియా, పింగాణీలాంటి తెల్ల పదార్థం. అది పుట్టుకతోనే ఆక్సైడ్, అంటే అందులోని లోహం ముందే ఆక్సిజన్‌తో కలిసిపోయి ఉంది. తుప్పు పట్టడానికి అందులో ఇంకేం మిగల్లేదు తల్లీ.

ఇలాగే సాగితే వచ్చే సంక్రాంతికి ఏం జరుగుతుందో నాకు కళ్ళకు కడుతోంది. కంచరపాలెం సందుల్లోకి మైకు కట్టిన ఆటో వస్తుంది. "పాత క్యాప్‌లు, విరిగిన బ్రిడ్జీలు, వదులైన కట్టుడు పళ్ళు కొంటాం, తీసుకొంటాం" అని రికార్డు అరుస్తుంది. గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్ళు లేచి వస్తారు. "ఏటి బాబూ, మా మావగారి బంగారప్పన్నుకి ఎంతిత్తావు?" అని ఒకావిడ అడుగుతుంది. మావగారు అరుగు మీదే ఉన్నారు, పన్ను ఇంకా ఆయన నోట్లోనే ఉంది. "పర్లేదమ్మా, ఇక్కడే తీసేత్తాం" అని ఆటోవాడు చిన్న కాటా తీస్తాడు. మావగారు ఇంట్లోకి పోయి గడియ పెట్టుకుంటారు. ఈలోగా పక్కింటావిడ రెండు మెటల్ క్యాప్‌లకి ఒక ప్లాస్టిక్ బకెట్ బేరం కుదుర్చుకుని, బకెట్‌కి మూత లేదని గొడవ పెట్టుకుంటుంది. ఆటోలో ఒక బోర్డు: "అయిదేళ్ళు దాటిన నోళ్ళకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వబడును."

సరే, క్యాప్ ఎప్పుడు మార్చాలి? సాధారణంగా 5 నుంచి 15 ఏళ్ళు వస్తుందంటారు, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే వస్తుంది. కానీ క్యాలెండర్ చూసి పీకేది కాదది. క్యాప్‌కి పుచ్చు పట్టదు, దాని అంచు దగ్గర అసలు పన్నుకి పడుతుంది. ఎప్పుడూ లేనిది అక్కడ అన్నం మెతుకులు ఇరుక్కోవడం, చిగురు వాచి రక్తం రావడం, ఆ వైపు వాసన, కొరికితే తేడాగా అనిపించడం, క్యాప్ కదలడం, చిట్లడం, ఇవన్నీ వెళ్ళి చూపించుకోవాల్సిన సంగతులు. రూట్ కెనాల్ చేసిన పన్నుకి నరం ఉండదు కాబట్టి లోపల పుచ్చుతున్నా నొప్పి తెలియదు. కాబట్టి నొప్పి లేదు కదా అని నాలాగా చేగోడీలు చూపించి మురిసిపోవడం కూడా రుజువు కాదు. డాక్టరు సన్న కొక్కెంతో అంచు చుట్టూ తడిమి చూడాలి, ఎక్స్‌రే తీయాలి. మెటల్ క్యాప్ ఎక్స్‌రేలో తెల్లటి ముద్దలా కనబడి కింద ఉన్నదాన్ని దాచేస్తుంది, అందుకే ఫిలిం ఒక్కటే చాలదు, చెయ్యి కూడా కావాలి. మెసేజ్ పంపే కంప్యూటర్‌కి ఈ రెండూ లేవు.

వారంటీ కార్డు సంగతి కూడా ఉంది. 10 ఏళ్ళు, 15 ఏళ్ళు అని ఏటీఎం కార్డులా తళతళలాడుతూ ఇస్తారు. అది మామూలుగా క్యాప్ విరిగితేనే పనికొస్తుంది, కింద పన్ను పుచ్చితే కాదు. గొడుగుకి గ్యారంటీ, తడిసిన మనిషికి లేదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. గాజువాకలో మా మేనత్త ఉంది, రిటైరైన టీచరు, పెన్షన్ మీద బతుకు. ఆవిడ క్యాప్ దగ్గర చిగురు కాస్త కిందికి జారి నల్ల గీత కనబడింది. అది లోపలి లోహపు అంచు, చూడ్డానికి బాగోదు అంతే, అదొక్కటే ఉంటే జబ్బు కాదు. "ఇన్ఫెక్షన్ అమ్మా, వెంటనే మార్చాలి" అన్నారట క్లినిక్కు వాళ్ళు. ఎక్స్‌రే చూపించలేదు, ఎక్కడుందో చెప్పలేదు. గట్టిగా అతుక్కున్న క్యాప్ మూతలా ఊడి రాదు, కోసి తీయాలి, ఒకసారి అరగదీసిన పన్నుని మళ్ళీ అరగదీయాలి. అలా తీస్తుంటే ఆవిడ పన్ను చిగురు దాకా విరిగిపోయింది. ఇప్పుడు ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో స్క్రూ దించి దానిమీద నిలబెట్టే పన్ను, పెట్టించుకోమంటున్నారు, వాయిదాల్లో కట్టొచ్చట. మీకు సిగ్గుందా? డెబ్బయ్యేళ్ళ మనిషి మిమ్మల్ని నమ్మి నోరు తెరిచింది, మీరు ఆవిడ పర్సులోకి చూశారు!

మా వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే అతనికి మాత్రం ఏ మెసేజూ రాదు. నిజంగా మార్చాల్సింది అతని క్యాప్. ఎన్నాళ్ళుగానో కదులుతోంది, లోపలికి తిండి పోతోంది, వాసన వస్తోంది. రుషికొండ వైపో సంగివలస వైపో పోతే డెంటల్ కాలేజీల్లో తక్కువలో చూస్తారు గానీ ఒక పూట కూలి పోతుంది. పోయిన వారం అది ఊడి చేతిలోకి వచ్చేసింది. ఊడిన క్యాప్‌ని కడిగి డబ్బాలో పెట్టి తొందరగా తీసుకెళ్తే, లోపలి పన్ను బాగుంటే దాన్నే మళ్ళీ సిమెంటుతో అతికిస్తారని అతనికి చెప్పినవాళ్ళు లేరు. ఫెవిక్విక్ పెట్టి నొక్కేశాడు. వంకరగా అతుక్కుంది, పైపన్ను దానికే తగులుతోంది. అడిగితే, "ఇప్పుడు కదలట్లేదు కదండీ" అన్నాడు.