పెళ్లికి సాక్షి బ్యాంక్ స్టేట్‌మెంటా?

నాకు తెలిసిన ఒకావిడ, కాబోయే భర్త దగ్గరికి అమెరికా వెళ్లడానికి కే-1 వీసా ఫైలు తయారుచేస్తూ ఒక ఆదివారం మొత్తం ఫోన్ ముందేసుకుని కూర్చుంది. తమ బంధం నిజమేనని రుజువు చూపించడానికి మూడేళ్ల చాట్‌లోంచి పనికొచ్చేవి ఏరాలి, స్క్రీన్‌షాట్ తీయాలి, తేదీ కనిపించేలా ప్రింట్ కొట్టాలి. మొదట్లో సరదాగానే ఉంది, పాత మెసేజ్‌లు చూసి నవ్వుకుంది కూడా. కాసేపటికి గొడవపడ్డ రోజులొచ్చాయి. "ఇవి పెట్టనా వద్దా? పెడితే వీళ్లకి పడట్లేదు అనుకుంటారేమో. పెట్టకపోతే, ఇంత తియ్యగా ఎవరు మాట్లాడుకుంటారు, ఇదంతా నాటకం అనుకుంటారేమో" అని నన్నడిగింది. నాకేం తెలుసు? చివరికి ఒకే ఒక్క గొడవ ఉంచింది, అదీ అతను సారీ చెప్పినది.

పెళ్లి చేసుకోబోయేవాళ్లకిచ్చే ఫియాన్సీ వీసా (అమెరికాలో దాని పేరే కే-1), పెళ్లయినవాళ్లకిచ్చే స్పౌజ్ వీసాల గురించి ఎక్కడ చదివినా ఫారాలు, ఫీజులు, ఎన్ని నెలలు పడుతుందనే లెక్కలే ఉంటాయి. అవి ఈపాటికి మీకు తెలిసే ఉంటాయి. కే-1 అయితే గత రెండేళ్లలో ఒక్కసారైనా ఎదురుపడి కలిసుండాలి, దిగిన 90 రోజుల్లో పెళ్లయిపోవాలి. బ్రిటన్ ఫియాన్సీ వీసా అయితే ఆరు నెలలు, ఈలోపు ఉద్యోగం చేయకూడదు. ఆస్ట్రేలియా అయితే అక్కడి డాలర్లలో 9 వేల పైచిలుకు ఫీజు, రిజెక్ట్ అయితే గోవిందా. ఈ తతంగమంతా బంధం నిజమో కాదో తేల్చడానికే అంటారు. నేను నమ్మను. తేల్చేది జీతం. బంధం నిజమా అనే ప్రశ్నతో ఎవరి బతుకును తిరగేసి చూస్తారన్నది ఇంకో కథ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

బ్రిటన్‌నే తీసుకోండి. విదేశీ భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపించాలని 2012 జులైలో నిబంధన పెట్టారు. 2024 ఏప్రిల్ 11 నుంచి దాన్ని ఒక్కసారిగా 29,000 చేశారు. అసలైతే 38,700 దాకా లాక్కెళ్తామన్నారు, ప్రభుత్వం మారాక అది ఆగింది. 2025 ఏప్రిల్‌లో అక్కడ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 40 గంటల చొప్పున, ఏడాదిలో ఒక్క వారం కూడా వదలకుండా పనిచేసినా 25,400 దాటదు. అంటే ఇంతకంటే తక్కువ ఇస్తే నేరం అని ఏ ప్రభుత్వమైతే రాసిందో, ఆ ప్రభుత్వమే ఈ జీతానికి నీకు సంసారం ఎందుకు అంటోంది. జీతం చాలకపోతే పొదుపు చూపించొచ్చు, అది కూడా చెప్పాలి కదా. ఎంతనుకున్నారు? 88,500 పౌండ్లు. కనీస వేతనం మీద బతికేవాడు అంత దాచుకోవాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. అవతలి దేశం నుంచి వచ్చే మనిషి డాక్టరే కావచ్చు, ఇంజినీరే కావచ్చు, అక్కడ చేరాక ఇద్దరి ఖర్చూ ఒంటిచేత్తో నడపగలిగినవాళ్లే కావచ్చు. ఆ సంపాదన మామూలుగా లెక్కలోకి రాదు. లెక్కంతా బ్రిటన్‌లో ఉన్నవాడి జీతం చీటీ మీదే. అమెరికా ఈ విషయంలో కాస్త నయం, జీతం చాలకపోతే ఇంకొకరిని జాయింట్ స్పాన్సర్‌గా, అంటే ఖర్చుకి తోడు హామీదారుగా పెట్టుకోనిస్తుంది. కానీ అక్కడా ఆదాయం పేదరికపు గీతకి 125 శాతం ఉండాలనే లెక్క ఉండనే ఉంది.

అవతలి వాదన నాకు తెలియక కాదు. దొంగ పెళ్లిళ్లు ఉన్నాయి, డబ్బు తీసుకుని రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు, అమెరికాలో అలా దొరికితే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. వచ్చినవాళ్ల భారం పన్ను కట్టేవాళ్ల మీద పడకూడదన్న మాటలోనూ న్యాయం ఉంది. అయితే బ్రిటన్‌లో స్పౌజ్ వీసా మీద వచ్చినవాళ్లకి ప్రభుత్వ భృతులు ఎలాగూ ఉండవు, ఆ షరతు మీదే వీసా ఇస్తారు. వైద్యం కోసమంటూ ఏడాదికి 1,035 పౌండ్ల లెక్కన ముందే కట్టించుకుంటారు. ఇంక పడే భారం ఏమిటి? పైగా దొంగ పెళ్లి చేసుకునేవాడికి 29,000 జీతం ఉండదని ఎవరన్నారు? ఇదో వ్యాపారంగా నడిపేవాళ్ల దగ్గర కాగితాలు మనందరికంటే పక్కాగా ఉంటాయి. తడబడేది నిజంగా ప్రేమించినవాళ్లే, ఏ తేదీన కలిశామో గుర్తుండదు, టికెట్లు పారేసి ఉంటారు.

అసలు తమాషా ఏమిటంటే ఈ నిబంధనలన్నీ సొంత పౌరుల మీదే. బ్రిటన్ ఇంకా యూరోపియన్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో లండన్ హోటల్లో ప్లేట్లు అందించే ఫ్రెంచివాడు తన విదేశీ భార్యను ఏ ఆదాయ పరిమితీ లేకుండా తెచ్చుకోగలిగేవాడు, పక్క టేబుల్ దగ్గర అదే పని చేసే బ్రిటిష్‌వాడికి ఆ వీలు లేదు. డెన్మార్క్‌లో 2002లో ఇద్దరికీ 24 ఏళ్లు నిండితేగానీ కుదరదని చట్టం తెస్తే, బోలెడు జంటలు వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మోలో కాపురం పెట్టి, పొద్దున్నే రైలెక్కి కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగాలకి వెళ్లొచ్చేవి. సొంత దేశంలో లేని హక్కు పక్క దేశంలో పరాయివాడిగా ఉంటే వచ్చింది.

ఈ మాట అమెరికా సుప్రీంకోర్టు ఇంకా మొహమాటం లేకుండా చెప్పేసింది. మున్యోజ్ కేసులో భార్య అమెరికా పౌరురాలు, భర్తది ఎల్ సాల్వడార్. 2015లో అతనికి వీసా కాదన్నారు, కారణం విడమరిచి చెప్పలేదు. కోర్టుకెక్కాక, కొన్నేళ్లకి గానీ తెలియలేదు, అతని పచ్చబొట్లు చూసి ముఠా మనిషని అనుమానించారట. 2024 జూన్‌లో తీర్పు వచ్చింది, ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. విదేశీ భర్తను దేశంలోకి రానివ్వాలని కోరే రాజ్యాంగ హక్కేదీ పౌరురాలికి లేదని మెజారిటీ తేల్చింది. పెళ్లి చేసుకునే హక్కు ఉంది, కలిసి ఉండే హక్కు మాత్రం లేదు. మరి పెళ్లంటే ఏమిటి, సర్టిఫికెట్టా?

ఇక్కడ గమనించండి, ఆ కేసులో కోర్టు మెట్లెక్కింది భార్య. చరిత్ర తిరగేస్తే ఇది యాదృచ్ఛికం అనిపించదు నాకు. పరాయి దేశపు మనిషిని పెళ్లాడే చట్టాలన్నీ మొదటినుంచీ ఆడదాన్ని అదుపులో పెట్టే చట్టాలే. 1855 అమెరికా చట్టం ప్రకారం, అర్హత ఉన్న విదేశీ స్త్రీ అక్కడి పౌరుణ్ని చేసుకుంటే చాలు, తనూ పౌరురాలైపోయేది. బాగానే ఉంది. మరి అక్కడి స్త్రీ విదేశీయుణ్ని చేసుకుంటే? 1907లో దానికీ చట్టం చేశారు, ఆమె పౌరసత్వమే ఊడిపోతుంది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఎథెల్ మెకెంజీ అనే ఆవిడ ఒక స్కాట్లాండ్ గాయకుణ్ని పెళ్లాడింది, ఇల్లు మారలేదు, ఊరు మారలేదు. ఆ రాష్ట్రంలో ఆడవాళ్లకి 1911లో ఓటు హక్కు వచ్చింది, దానికోసం కొట్లాడినవాళ్లలో ఈవిడా ఉంది. తీరా పేరు రాయించుకోబోతే నువ్వు ఈ దేశస్తురాలివే కావు పొమ్మన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1915లో ఓడిపోయింది. తెలిసే చేసుకున్నావు కాబట్టి ఇష్టపడి వదులుకున్నట్టే అన్నారు. 1922లో చట్టం మార్చారు గానీ ఆసియావాడిని చేసుకున్న ఆడవాళ్లకి మాత్రం 1931 దాకా అదే శిక్ష.

1979 సంగతి అయితే తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. కాబోయే భర్త కోసం ఇండియా నుంచి హీత్రూలో దిగిన 35 ఏళ్ల టీచరమ్మ ఆవిడ. అప్పట్లో మూడు నెలల్లో పెళ్లి చేసుకోబోయే ఫియాన్సీకి ముందుగా వీసా అక్కర్లేదు, భార్యకి మాత్రం కావాలి. ఈమె నిజంగా పెళ్లికాని మనిషేనా అని ఆఫీసర్లకి అనుమానం వచ్చింది. అనుమానం తీర్చుకోవడానికి ఏం చేశారంటే, ఒక మగ డాక్టర్‌తో ఆమెకి కన్యత్వ పరీక్ష చేయించారు. పత్రికల్లో రాగానే గోల అయ్యి ఆపేశారు. తర్వాతెప్పుడో పాత ఫైళ్లు బయటికొస్తే కనీసం 80 మందికి అలా చేసినట్టు తేలింది. బంధం నిజమా అన్న ప్రశ్న ఎంత దూరం పోగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. అప్పుడు ఒంట్లో వెతికారు, ఇప్పుడు ఫోన్లో వెతుకుతున్నారు. తేడా లేదనను, చాలా తేడా ఉంది. కానీ అడిగే ప్రశ్న అదే, అడిగే గొంతూ అదే.

దీనికి కొసమెరుపు ఇంకోటి. బ్రిటన్‌లో మగవాడు భార్యను తెచ్చుకోవడం తేలిక, ఆడది భర్తను తెచ్చుకోవడం కష్టం అన్నట్టుగా నిబంధనలు ఉండేవి. ముగ్గురు మహిళలు యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు, ఇది లింగ వివక్షేనని 1985 మేలో కోర్టు ఒప్పుకుంది. గెలిచారు కదా, ఇక ఆడవాళ్లకి కూడా తేలిక చేశారనుకుంటాం. లేదు. మగవాళ్లకి కూడా కష్టం చేసేసి, చూశారా, ఇప్పుడు అందరూ సమానమే అన్నారు.

29,000 పౌండ్ల గీత కూడా అలాంటి సమానత్వమే. రూల్లో ఆడ మగ అని ఎక్కడా ఉండదు. కానీ తక్కువ జీతాల్లో, పార్ట్‌టైమ్ పనుల్లో, పిల్లల కోసమో అమ్మానాన్నల కోసమో ఉద్యోగం సగానికి తగ్గించుకున్నవాళ్లలో ఎవరెక్కువ? 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకి ఈ ఆదాయ పరిమితి వచ్చినప్పుడు చాలామందికి ఇది కష్టమే అని ఒప్పుకుంది, పిల్లల క్షేమం సరిగ్గా పట్టించుకోలేదని తప్పుపట్టింది, పరిమితిని మాత్రం కొట్టేయలేదు.

వీసా వచ్చాక అయినా ఊపిరి పీల్చుకోవచ్చా అంటే, అదీ లేదు. వచ్చిన మనిషి ఉండటమో పోవడమో పిలిపించినవాళ్ల చేతిలో ఉంటుంది. ఎక్కువ మాట్లాడితే వెనక్కి పంపిస్తా అనే మాట ఎన్ని ఇళ్లలో వినపడుతుందో. హింస భరించలేక బయటికొచ్చినవాళ్లకి మినహాయింపులు రాసిపెట్టారు, కాదనను. కానీ దెబ్బలకి కూడా ఒక ఫైలు తయారుచేసుకోవాలి: పోలీసు రిపోర్టు, డాక్టరు చీటీ, షెల్టర్‌వాళ్ల ఉత్తరం. తలుపేసి ఉన్న ఇంట్లో, భాష సరిగా రాని ఊళ్లో, అవి పోగేసేది ఎవరు?

నేను చెప్పిన ఆవిడకి వీసా వచ్చింది. ఇంటర్వ్యూ పది నిమిషాలు కూడా పట్టలేదట, ఏరి ఏరి పెట్టిన ఆ ఒక్క గొడవని ఎవరూ చదివినట్టు లేరు. వెళ్లింది, 90 రోజుల్లోపే పెళ్లి చేసుకుంది. కొత్త పెళ్లికి అమెరికా ఇచ్చే గ్రీన్‌కార్డు రెండేళ్లదే, అది తీరేలోపు మళ్లీ రుజువులు పెట్టాలి. మొన్న ఫోన్ చేస్తే కరెంటు బిల్లు ఇద్దరి పేరు మీదకి మార్పించే పనిలో ఉన్నానంది, సినిమా టికెట్లు కూడా ఒక కవర్లో పడేస్తోందట. గొడవలు అవుతున్నాయా అని నవ్వుతూ అడిగాను. "అవుతున్నాయి గానీ మెసేజ్‌లలో పెట్టుకోవట్లేదు" అంది.