ఆరు, సున్నా, తొమ్మిది, రెండు

క్యాంపస్ ఇంటర్వ్యూకి నల్ల బూట్లు తప్పనిసరి అని ప్లేస్‌మెంట్ సారు గ్రూపులో పెట్టారు. చెప్పులతో వచ్చినవాళ్లు చెప్పులతోనే ఇంటికి పోవచ్చు అని కింద ఇంకో లైను. నేను బీకామ్ ఆఖరి సంవత్సరం. లేసులు కట్టుకోవడం స్కూలు యూనిఫాంతోనే ఆపేశాను. సాయంత్రం వెళ్లి కొనుక్కొస్తానంటే మా రూమ్మేట్ నన్ను జాలిగా చూశాడు. మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. హాస్టల్ మెట్లు దిగితే దారి పొడవునా చెప్పుల షాపులే. బేరమాడే ఓపిక ఉంటే చెప్పిన రేటులో సగానికి ఇస్తారు. అయినా సరే, "ఈ రోజుల్లో షాపుకెళ్లి కాలు చాపి కూర్చునేవాడు ఎవడ్రా" అంటూ వాడు నా ఫోన్ లాక్కుని ఆర్డర్ పెట్టేశాడు.

వాడి గురించి కాస్త చెప్పాలి. ఎందుకంటే జరిగిందంతా వాడి వల్లే.

లోకంలో ఏ కొత్త యాప్ వచ్చినా గృహప్రవేశానికి ముందుండేది వాడే. టిక్‌టాక్‌ని 2020 జూన్ ఆఖర్లో నిషేధించినప్పుడు వాడు తొమ్మిదో తరగతి. ఆ రోజు రాత్రి అన్నం తినలేదని వాళ్లమ్మగారు ఇప్పటికీ చెబుతారు. తర్వాత పసుపు పిట్ట బొమ్మతో కూ పేరు మారుమోగింది, అందులో చేరాడు. అది 2024లో మూతపడింది. థ్రెడ్స్ 2023 జూలైలో వచ్చినప్పుడు అయిదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారట. వాళ్లలో మావాడొకడు. ఆరో రోజు నుంచి దాన్ని తెరవలేదు. 2025లో అందరూ అరట్టై అరట్టై అంటున్నప్పుడు హాస్టల్ మొత్తాన్ని బలవంతంగా అందులోకి లాగి ఒక గ్రూపు పెట్టాడు. "అందరూ వచ్చారా?" అని వాడు పెట్టిన మెసేజే ఆ గ్రూపులో మొదటిది, ఇప్పటిదాకా చివరిది కూడా. ఇప్పుడు ఇంకేదో చిన్న వీడియోల యాప్ పట్టుకున్నాడు. దాని పేరు నేను చెప్పను. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇక ఆర్డర్ సంగతి. బూట్లతో పాటు ఒక సాక్సుల జత, పార్సిల్‌కి 'రక్షణ' రుసుము, ఏదో సత్కార్యానికి 10 రూపాయల విరాళం, అన్నీ వాటంతటవే టిక్కులు పెట్టుకుని కూర్చున్నాయి. పైన ఎర్రక్షరాలతో 'ఇంకా 2 జతలే మిగిలాయి' అని ఒకటే హెచ్చరిక. ఇలాంటి మాయలన్నిటికీ డార్క్ ప్యాటర్న్స్ అని పేరుపెట్టి, 13 రకాలుగా విడగొట్టి, ఇవి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, పోయిన సెమిస్టర్‌లో దీని మీద సెమినార్ ఇచ్చింది నేనే. లేని తొందర పుట్టించడం ఒక రకం, అడక్కుండా బుట్టలో వేయడం ఇంకో రకం అని స్లైడ్ల మీద బాణాలు గీసి మరీ వివరించాను. అలాంటివాణ్ణి, ఆ మిగిలిన రెండు జతల్లో ఒకటి ఎవడు ఎగరేసుకుపోతాడో అన్న టెన్షన్‌లో గబగబా యూపీఐ పిన్ కొట్టేశాను. మర్నాడు చూస్తే అప్పటికీ ఇంకా 2 జతలే మిగిలి ఉన్నాయి.

'ఈరోజు రాత్రి 10 లోపు' అని మెసేజ్ వచ్చిన రోజునే మావాడు మ్యాట్నీకి టికెట్లు బుక్ చేశాడు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సింగిల్ స్క్రీన్. నెల తిరిగేసరికి ఓటీటీలోకి వచ్చే సినిమాకి అంత దూరం ఎందుకురా అంటే, ఇంట్లో చూస్తే కాగితాలు ఎవడు చల్లుతాడు అన్నాడు. ఆ మాట మాత్రం నిజం. పైగా పార్సిల్ రాత్రికి గాని రాదన్న ధీమా. ఫస్టాఫ్ అంతా ఈలలు, కాగితాలు. ఇంటర్వెల్‌లో ఒక సమోసా.

సెకండాఫ్‌లో హాస్పిటల్ సీను వచ్చింది. హీరో వాళ్ల నాన్న ఐసీయూలో ఉన్నాడు. బయట బెంచీ మీద హీరో వాళ్లమ్మ. అంతవరకూ చెవులు చిల్లులు పడేలా అరిచిన హాలు, ఎవరో స్విచ్ కట్టేసినట్టు నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో ఒకాయన ముక్కు చీదుకోవడం కూడా వినిపించింది. సరిగ్గా అప్పుడు నా జేబు వణికింది.

"అన్నా, పార్సిల్. ఓటీపీ చెప్పన్నా."

బయటికెళ్లి మాట్లాడొచ్చు కదా అని మీరనుకుంటారు. బాల్కనీలో వరస మధ్య సీటు నాది. అటు పన్నెండు మోకాళ్లు, ఇటు పన్నెండు మోకాళ్లు, వాటి మీద పాప్‌కార్న్ బకెట్లు. హీరో నాన్న చావుబతుకుల మధ్య కొట్టుమిట్టాడుతున్న టైములో వాటిని దాటుకుంటూ పోయే ధైర్యం నాకు లేదు. తర్వాత చెబుతా, పది నిమిషాలు ఆగమంటే? ఆ రైడర్‌కి ఆగే అధికారం లేదు. ఆగితే 'కస్టమర్ అందుబాటులో లేరు' అని నొక్కి వెళ్లిపోవాల్సిందే. బూట్లు ఎల్లుండి వస్తాయి, ఇంటర్వ్యూ రేపు. పోనీ నంబర్ వాట్సాప్‌లో పెడదామా అంటే అదీ కుదరదు. ఇలాంటి కాల్స్ మనకీ వాళ్లకీ అసలు నంబర్లు కనపడకుండా మధ్యలో కంపెనీ వాళ్ల నంబర్ మీదుగా వస్తాయి. దానికి తిరిగి కాల్ చేయొచ్చేమో గాని మెసేజ్ పెడితే ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి. మన భద్రత కోసమేనట. అంటే, ఆ కుర్రాడికి నా నంబర్ తెలియకూడదు, కానీ నా ఓటీపీ మాత్రం హాలంతా వినిపించినా పర్వాలేదు.

ఓటీపీ వెతకడానికి ఫోన్ చెవి నుంచి తీశాను. హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ పోయినప్పటి నుంచి బ్రైట్‌నెస్ ఫుల్‌లో పెట్టి ఉంచానన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వెనక నుంచి "ఓయ్, లైట్!" అని కేక. పొద్దుటి నుంచి వచ్చిన మెసేజ్‌లలో బ్యాంకు లోన్ ఇస్తామనేవాళ్లూ, రమ్మీ ఆడమనేవాళ్లూ, రీచార్జ్ అయిపోతోందని ఏడ్చేవాళ్లూ పోగా ఎట్టకేలకు నాలుగంకెలు దొరికాయి. తల సీటు కిందికి వంచి, ఫోన్‌ని చొక్కా లోపలికి దూర్చి గుసగుసగా చెప్పాను.

"అన్నా, వినబడతలేదన్నా. ఇక్కడ బ్యాండ్ ఉంది."

వాడి చుట్టూ ఏదో బారాత్ పోతున్నట్టుంది. డప్పులు నా చొక్కాలోంచి పక్క సీటు ఆంటీకి కూడా వినపడుతున్నాయి. ఆమె నా పొట్ట వైపు అనుమానంగా చూసింది. కాస్త గొంతు పెంచాను. వినబడలేదు. ఇంకాస్త పెంచాను. "అన్నా, గట్టిగా చెప్పన్నా, ఒక్కొక్కటి చెప్పు" అన్నాడు వాడు. సరే, ఏమైతే అయిందనుకున్నాను.

తెర మీద డాక్టర్ తలుపు తోసుకుని బయటికొచ్చాడు. కళ్లజోడు తీశాడు. హీరో తల్లి వణుకుతూ లేచి, "డాక్టర్ గారూ... ఇంకా ఎన్ని గంటలు?" అంది.

"ఆరు!" అన్నాను.

ముందు ఒక్కడు కిసుక్కుమన్నాడు. మిగతావాళ్లకి ఇంకా అర్థం కాలేదు. డాక్టర్ మాట్లాడలేదు, గోడ మీద దేవుడి పటం వైపు చూశాడు. మన సినిమాల్లో డాక్టర్లు ఎందుకో ఒక్క ముక్క చెప్పడానికి అరనిమిషం తీసుకుంటారు. అక్కడ తొందరగా చెప్పేసి ఉంటే ఇక్కడ నా పరువు దక్కేది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "బతికే ఆశ ఏమైనా ఉందా?" అంది.

"సున్నా!"

బాల్కనీ సగం పగలబడి నవ్వింది. కింద క్లాసులో వాళ్లు తలలు తిప్పి పైకి చూశారు. నేను ఆపేద్దామనే అనుకున్నాను, ఒట్టు. కానీ చొక్కాలోంచి "సున్నా వచ్చిందన్నా, తర్వాత?" అని రైడర్. సగం ఓటీపీ చెప్పి ఆగితే వాడికీ కష్టమే కదా.

ఇంతలో హీరో వచ్చాడు. కన్నీళ్లు తుడుచుకుని, పిడికిలి బిగించి, కెమెరాలోకి సూటిగా చూస్తూ, "మా నాన్న మీద చెయ్యేసింది ఎంతమంది?" అని గర్జించాడు.

"తొమ్మిది!"

"తొమ్మిది మంది కాదన్నా, ముగ్గురే. ఫస్టాఫ్‌లో చూడలేదా?" అన్నాడు వెనక సీటువాడు, చాలా సీరియస్‌గా. అంతే, హాలు అదుపు తప్పింది. ఎవరో కింది నుంచి "బ్రో, నాలుగోది చెప్పు బ్రో!" అని అరిచారు. డెలివరీ ఓటీపీకి మామూలుగా నాలుగంకెలుంటాయని ఈ దేశంలో చంటిపిల్లలకి కూడా తెలుసు, అదొచ్చింది చావు. "చెప్పు! చెప్పు! చెప్పు!" అని చప్పట్లు మొదలయ్యాయి. హీరో నాన్న ఐసీయూలో ఏమయ్యాడో పట్టించుకునే నాథుడు లేడు.

"రెండు" అన్నాను, ఏడుపు గొంతుతో.

"అన్నా, మొదటి నుంచి ఇంకోసారి" అన్నాడు రైడర్.

ఇక నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. బాల్కనీ అందుకుంది, కింది క్లాసు కలిసింది. మొత్తం హాలు ముక్తకంఠంతో "ఆరు! సున్నా! తొమ్మిది! రెండు!" అని మంత్రపుష్పం చదివింది. మధ్యలో ఈలలు కూడా పడ్డాయి. ఫస్టాఫ్‌లో మిగిలిన కాగితాలు ఎవరో నా మీద చల్లారు.

"ఇప్పుడు క్లియర్‌గా వినబడిందన్నా. థాంక్సన్నా" అని వాడు పెట్టేశాడు.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రిజర్వు బ్యాంకు అమితాబ్ బచ్చన్ చేత ప్రకటనల్లో చెప్పించింది. ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆయన గొంతే వచ్చి సైబర్ మోసాల గురించి హెచ్చరించిన రోజులూ ఉన్నాయి. ఎవరికీ చెప్పొద్దంటే ఏమో అనుకున్నాను గాని, బాల్కనీకీ కింది క్లాసుకీ కలిపి చెప్పాల్సి వస్తే ఏం చేయాలో ఆయన చెప్పలేదు. బ్యాంకు ఓటీపీ చెబితే డబ్బు పోతుంది, డెలివరీ ఓటీపీ చెప్పకపోతే పార్సిల్ పోతుంది. రెండూ ఒకే ఫోన్‌కి, ఒకే మోత మోగిస్తూ వస్తాయి. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో ఒక్కసారి మ్యాట్నీకి వచ్చి బాల్కనీలో మధ్య సీటులో కూర్చోవాలని నా కోరిక. ఆ రైడర్ మీద నాకు కోపం లేదు, పాపం బారాత్ మధ్యలో బండి ఆపుకుని నిలబడ్డాడు. మా రూమ్మేట్ మీద మాత్రం ఉంది. ఇంత జరుగుతుంటే వాడు నాకు సాయం చేయకుండా ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

ఆ వీడియో ఇందాక చెప్పిన యాప్‌లో ఎక్కింది. నేను హాస్టల్‌కి చేరేసరికి పక్క గదివాళ్లు నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు, నంబర్‌తో పిలుస్తున్నారు. తీసెయ్యరా అంటే "వ్యూస్ ఇప్పుడే పెరుగుతున్నాయి, రేపు తీస్తా" అన్నాడు. సరే, నేనే ఫిర్యాదు చేద్దామని రిపోర్ట్ నొక్కాను. రిపోర్ట్ చేయాలంటే ముందు ఖాతా తెరవాలట. ఖాతా తెరవాలంటే ఫోన్ నంబర్ ఇవ్వాలి. ఇచ్చాను. ఓటీపీ వచ్చింది. ఎవరికీ వినపడకుండా బాత్రూంలోకి వెళ్లి కొట్టాను. కాంటాక్ట్స్ చూడనిస్తారా అని అడిగింది, కాదనడానికి ఉన్న బటన్ కంటికి ఆనలేదు. అవుననేది మాత్రం అరచేయంత ఉంది. ఆ తర్వాత ఆ యాప్ చేసిన మొదటి పని, నా ఫోన్‌లో ఉన్న ప్రతివాడికీ 'మీకు తెలిసినవారు చేరారు, వారు ఉన్న వీడియో చూడండి' అని కబురు పంపడం. ఖమ్మంలో మా మేనమామకీ, ఊళ్లో పాలాయనకీ, మా ప్లేస్‌మెంట్ సారుకీ కూడా. రిపోర్ట్ మాత్రం 'పరిశీలనలో ఉంది'.

పార్సిల్ హాస్టల్ ఆంటీ ఫ్రిజ్ మీద పెట్టి ఉంచింది. విప్పాను. సైజు సరిపోయింది, సాక్సులూ వచ్చాయి. యాప్‌లో నల్లగా మెరిసిన బూట్లు ట్యూబ్‌లైట్ లేని మా గదిలో కూడా స్పష్టంగా ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. వాపసు ఇవ్వొచ్చు, తీసుకెళ్లడానికి మనిషి మూడు రోజుల్లో వస్తాడు.

రాత్రి సారు దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. నవ్వుతున్న బొమ్మ ఒకటి, కింద "బూట్లు వచ్చాయా?" అని. "వచ్చాయి సార్" అని కొట్టాను. ఏ రంగువని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. పక్క మంచం మీద మావాడు నల్ల పాలిష్ డబ్బా కోసం ఫోన్‌లో వెతుకుతున్నాడు. పది నిమిషాల్లో వచ్చేస్తుందట.