ప్రశ్నను మింగేస్తున్న తిట్టు

ఏ చట్టసభ చూసినా అదే తంతు. ఒకరు నోరు పారేసుకుంటారు. ఎదుటి పక్షం పోడియంను చుట్టుముడుతుంది. సభ వాయిదా పడుతుంది. పొద్దుగూకేలోగా ఆ ముక్క ఫోన్లన్నీ తిరిగేస్తుంది. తిట్టినవారి పార్టీ ‘ఏదో ఆవేశంలో అన్నారు’ అంటుంది. తిట్టు తిన్న పార్టీ ‘ప్రజాస్వామ్యానికి చీకటి రోజు’ అంటుంది. ఎన్నికలయ్యి బెంచీలు అటూ ఇటూ మారాక ఈ రెండు వాక్యాలు కూడా బెంచీలు మారతాయి. నిన్న చీకటి రోజు అన్నవారికి ఇవాళ అది ఆవేశమే. తిట్టు కన్నా మాకు ఎక్కువ రోత పుట్టిస్తున్నది ఈ మార్పిడే.

తిట్టులో తప్పేముందనేవారూ ఉన్నారు. వారి దగ్గర ఆధారాలు లేకపోలేదు. బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగంలో, మంచులాంటి నీళ్లలో చెయ్యి ముంచి బూతుమాట వల్లించినవారు మామూలు మాట వల్లించినప్పటికన్నా ఎక్కువ సేపు తట్టుకున్నారు. ఫీజులు తగ్గించాలన్న ప్రసంగంలో మొదటో చివరో ఒక తేలికపాటి తిట్టు పడితే వినేవారు ఇంకాస్త మొగ్గారని 2006లో అమెరికాలో మరో అధ్యయనం తేల్చింది. కాదనం. అయితే ఆ కీల్ పరిశోధకులే రెండేళ్ల తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పారు: రోజూ తిట్టే అలవాటున్నవారికి ఆ ఉపశమనం తక్కువ. పైగా ఆ నీళ్ల గిన్నెకు అవతల ప్రత్యర్థి లేడు. ఆ ప్రసంగంలోని తిట్టు ఏ మనిషినీ ఉద్దేశించింది కాదు. గుమ్మానికి కాలి వేలు కొట్టుకుని అరిచే మాటా, ఎదుటి సభ్యుడి తల్లినో భార్యనో కులాన్నో లాగే మాటా ఒకటేనని వాదించడానికి పరిశోధన పత్రాలను అడ్డం పెట్టుకోవడం తెలివి అనిపించుకోదు.

మనుషుల మీదికి గురిపెట్టిన తిట్టు ఏం చేస్తుందో కూడా పరీక్షించి చూశారు. నానో టెక్నాలజీ మీద ఒకే వ్యాసాన్ని చాలామందికి ఇచ్చి, దాని కింద కొందరికి మర్యాదైన స్పందనలు, మరికొందరికి దూషణలతో నిండినవి చూపించారు. దూషణలు చదివినవారిలో ముందునుంచే సానుకూలంగా ఉన్నవారు మరింత సానుకూలంగా, భయపడుతున్నవారు మరింత భయంగా తయారయ్యారు. వ్యాసంలో ఒక్క అక్షరం మారలేదు. చర్చ పెట్టుకునేది ఎదుటివాడి మనసు మార్చడానికే అయితే, అందుకు ఇంతకన్నా పనికిరాని సాధనం ఉండదు. చర్చ జరగకుండా చూడటమే ఉద్దేశమైతే మాత్రం ఇంతకన్నా చవకైన సాధనం దొరకదు.

ఆ చవక ఎంతో లోక్‌సభ ప్రశ్నోత్తరాల సమయంలో చూడొచ్చు. ఉదయం 11 నుంచి 12 దాకా అది సభ్యుల గంట. నోటితో జవాబు కోరే ప్రశ్నకు నక్షత్రం గుర్తు వేస్తారు. రోజుకు అలాంటివి 20, అదీ లాటరీలో పేరు వస్తేనే. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ ప్రశ్నలకు మంత్రి ఇచ్చే జవాబు అధికారులు రాసిచ్చిందే, అందులో పెద్ద రహస్యాలేమీ ఉండవు. అసలు పట్టు అనుబంధ ప్రశ్నలో ఉంటుంది. జవాబులో రెండో పేరాలో చెప్పిన ఖర్చుకూ నాలుగో పేరాలో చెప్పిన పనికీ పొంతన ఎందుకు లేదని సభ్యుడు అప్పటికప్పుడు అడిగితే, మంత్రికి సరుకు ఉందో లేదో దేశమంతా చూస్తుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు నోరు జారతారు. గోల మొదలై సభ వాయిదా పడుతుంది. నక్షత్రం ప్రశ్నలన్నిటికీ రాతపూర్వక జవాబులు బల్ల మీద పెట్టినట్టు భావిస్తారు. అనుబంధ ప్రశ్నలు గాలిలో కలిసిపోతాయి. తిట్టింది అధికారపక్షమా, ప్రతిపక్షమా అన్నది ఇక్కడ అనవసరం. ఎవరు తిట్టినా లాభపడేది జవాబు చెప్పాల్సినవారే. ఈ చిన్న లెక్క తెలియని ప్రతిపక్ష సభ్యుడు తన చేత్తోనే మంత్రిని గట్టెక్కిస్తున్నాడు. తెలిసీ తిట్టే అధికారపక్ష సభ్యుడికి లోపల శభాష్‌లు దక్కుతున్నాయి.

ఆ తర్వాత తిట్టుకు జరిగే మర్యాద చూడండి. పరువునష్టం కలిగించే, అసభ్యమైన, సభా గౌరవానికి తగని మాటలను రికార్డుల నుంచి తీసేయమని ఆదేశించే అధికారాన్ని లోక్‌సభ 380వ నిబంధన స్పీకర్‌కు ఇస్తోంది. తీసేసిన చోట నక్షత్రాలు వేసి, అధ్యక్ష స్థానం ఆదేశంతో తొలగించినట్టు అడుగున రాయాలని 381వ నిబంధన చెబుతోంది. ప్రశ్నకూ నక్షత్రమే, తిట్టుకూ నక్షత్రమే! నివేదిక శుభ్రపడుతుంది, కానీ ప్రత్యక్ష ప్రసారంలో ఆ మాట అప్పటికే జనంలోకి వెళ్లిపోయి ఉంటుంది. తొలగించిన మాటలను అచ్చువేయడం సభాహక్కుల ఉల్లంఘనేనని పట్నాకు చెందిన సెర్చ్‌లైట్ పత్రిక కేసులో సుప్రీంకోర్టు 1950ల చివర్లోనే స్పష్టం చేసింది. పత్రిక అచ్చువేస్తే నేరం, ఆ తిట్టునే సంగీతం జోడించి పార్టీ సైన్యాలు లక్షలమందికి పంచితే ప్రచారం!

వీధిలో ఇదే మాట అంటే చట్టం ఊరుకోదు. శాంతిభంగానికి దారితీసేలా ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 352వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. మహిళ గౌరవానికి భంగం కలిగించే మాటకు 79వ సెక్షన్ ఉంది. నలుగురిలో దళితులను, ఆదివాసీలను కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లు. సభలో అన్న మాటకు మాత్రం రాజ్యాంగంలోని 105, 194 అధికరణలు కోర్టుల నుంచి రక్షణ ఇస్తున్నాయి. ఆ రక్షణ ఉండాల్సిందే, దాన్ని తగ్గించమని మేం అనడం లేదు. కోట్ల రూపాయల కుంభకోణాన్ని సాక్ష్యం చాలకపోయినా ధైర్యంగా ప్రస్తావించడానికే ఆ కవచం ఇచ్చారు. ఎదుటివాడి పుట్టుకను ప్రస్తావించడానికి కాదు. బయట కోర్టు ఉంది, లోపల అది లేదు కాబట్టి పార్టీలే తమవారిని అదుపు చేసుకోవాలన్నది అందులోని ఒప్పందం. దాన్నే పార్టీలు నిలువునా పాతరేశాయి.

2023 సెప్టెంబరు 21 రాత్రి, లోక్‌సభలో చంద్రయాన్-3 విజయంపై చర్చ జరుగుతుండగా అధికారపక్ష సభ్యుడొకరు ప్రతిపక్ష సభ్యుణ్ని మతం పేరుతో దూషించారు. ఆ మాటలను తొలగించారు. రక్షణ మంత్రి విచారం వ్యక్తం చేశారు, స్పీకర్ హెచ్చరించారు. సస్పెన్షన్ లేదు. మూడు నెలలు తిరిగేసరికి, పార్లమెంటు భద్రతా వైఫల్యంపై హోంమంత్రి ప్రకటన చేయాలని పట్టుబట్టి గొడవ చేసినందుకు ఉభయసభల్లో కలిపి 146 మంది సస్పెండయ్యారు. ప్లకార్డు పట్టుకుంటే వేటు, మతాన్ని తిడితే హెచ్చరిక! ఇక మన దగ్గర, తన కుటుంబాన్ని కించపరిచారంటూ ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్ష నేత 2021 నవంబరు 19న సభను వీడి వెళ్లారు. అలా అనలేదని అవతలివారు వాదించారు. అప్పటి నుంచైనా ఎవరైనా మారారా? ఏ పార్టీ శ్రేణులూ ప్రత్యర్థుల ఇళ్లలోని ఆడవారిని వదిలిపెట్టింది లేదు. గురివింద తన నలుపు ఎరగదన్నట్టు, ప్రతి పార్టీకీ అవతలి నోటి కంపే తెలుస్తుంది.

‘మాది పల్లె యాస, మా మాట తీరే అంత’ అన్న సాకు మరీ అన్యాయం. పల్లెల్లో నలుగురూ కూర్చున్న చోట ఇంటి ఆడవాళ్లను లాగి మాట్లాడితే పెద్దలు అక్కడే నిలదీస్తారు. తమ నోటి దురుసుకు యాసను బాధ్యురాలిని చేయడం ఆ యాస మాట్లాడే కోట్లమందిని అవమానించడమే.

టీవీ చర్చల గురించి ఒక్క మాట. తిట్టు మీద బీప్ వేస్తారు, కానీ మొదటి అక్షరమూ చివరి అక్షరమూ వినబడేలా నడుమ మాత్రమే వేస్తారు. ఖాళీని చూసేవాడే పూరించుకుంటాడు. తిట్టిన అతిథి మైకు తక్షణం ఆపేయడానికి ప్యానెల్ మీద ఒక మీట చాలు. దాన్ని నొక్కరు. ఆ ముక్కనే సాయంత్రం ప్రోమోగా వేసి, మరుసటి వారం అదే అతిథిని మళ్లీ పిలుస్తారు. భాష దిగజారిపోతోందని చర్చ పెట్టేదీ వారే.

క్షమాపణల తీరు కూడా అంతే. ‘ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే’ అని మొదలయ్యేది క్షమాపణ కాదు. గాయపడటం అవతలివారి బలహీనత అన్నట్టు నెపం నెట్టేయడం. ఏ మాట అన్నారో ఆ మాట వెనక్కి తీసుకోవాలి, ఎవరిని అన్నారో వారి పేరు చెప్పాలి, ఎక్కడ అన్నారో అక్కడే నిలబడి చెప్పాలి. ఇందులో ‘అయితే’, ‘ఉంటే’ ఉండకూడదు. సభాపతులకూ ఇదే మాట: పాలకపక్షం నుంచి వచ్చిన తిట్టు చెవినపడకపోవడం, ప్రతిపక్షం నుంచి వచ్చింది పది బెంచీల అవతలి నుంచైనా వినబడటం ఇక చాలు. లోక్‌సభలో ఒక్క రోజుకు బయటికి పంపడానికి 373వ నిబంధన ఉంది. తిట్టిన నిమిషంలోనే, స్పీకర్ ముందున్న ఖాళీ జాగాలోకి (వెల్‌లోకి) సభ్యులు దిగకముందే దాన్ని వాడితే వాయిదా అవసరమే రాదు, ప్రశ్న బతుకుతుంది.

పార్టీ అధినేతలు తమ చేతుల్లో ఏమీ లేదన్నట్టు నటించొద్దు. చర్చలో బలాన్ని బట్టి పార్టీకి సమయం కేటాయిస్తారు. ఆ సమయంలో ఎవరు మాట్లాడాలో పేర్లు రాసి స్పీకర్‌కు ఇచ్చేది సభలో పార్టీ సభ్యులను నడిపించే విప్. నిన్న బూతులు మాట్లాడినవారి పేరు వచ్చే సమావేశాల్లో ఆ కాగితం మీద మళ్లీ కనబడిందంటే, అది నోరు జారడం కాదు, పార్టీ అప్పగించిన పని. కాబట్టి అవతలివారి భాషను ఖండిస్తూ మీరు రాసే లేఖలు మాకు పంపకండి. మీ వక్తల జాబితా పంపండి, అందులో ఎవరి పేరు కొట్టేశారో అది వేస్తాం.