అప్‌డేట్ మీద కోపం ఆట మీద

శుక్రవారం రాత్రి పదకొండు గంటలు. వారమంతా ఆఫీసులో నలిగి, ఇంట్లో అందరూ పడుకున్నాక లైనక్స్ కంప్యూటర్ ముందు కూర్చుంటాం. పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లు వేసేస్తాం. తర్వాత ఆట బటన్ నొక్కుతాం. రెండు క్షణాలు ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది, బటన్ మళ్లీ మొదటికి వస్తుంది. తెర మీద ఒక్క ఎర్ర అక్షరం కూడా ఉండదు. మళ్లీ నొక్కుతాం, మళ్లీ అదే. లిఫ్టు బటన్‌ను పదిసార్లు నొక్కే మనిషికీ మనకూ అప్పుడు పెద్ద తేడా ఉండదు.

సహాయం అడిగితే వచ్చే మొదటి సలహా: ‘ఆట తీసేసి మళ్లీ వేసుకోండి.’ ఎనభై జీబీ! అది దిగేసరికి తెల్లవారుతుంది, దిగాక కూడా బటన్ అదే పని చేస్తుంది. రెండో సలహా ఇంకా ఘనమైనది: ‘అసలు ఆ డిస్ట్రో (లైనక్స్ రకం) ఎందుకు వేసుకున్నారు? మేం వాడేది వేసుకోండి.’ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమనడం ఇదే. ఈ రెండు సలహాలూ ఇచ్చేవారి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. కొన్నేళ్ల క్రితం నేనూ ఇలాంటివే ఇచ్చాను కాబట్టి ఆ కోపంలో కొంత నా మీద కూడా.

నిన్న నడిచిన ఆట ఇవాళ నడవలేదు. మధ్యలో మారింది ఏమిటి? ఆటకో, విండోస్ ఆటలను లైనక్స్‌లో నడిపించే ప్రోటాన్‌కో కూడా అదే రోజు అప్‌డేట్ వచ్చి ఉంటే వేరే సంగతి, అది ముందే చూసుకోవాలి. రాకపోతే ఆట ఫైళ్లు నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మారింది దాని కిందనున్న అంతస్తులు. అయినా మనం చితకబాదేది ఆటనే. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు.

ఏం మారిందో ఊహించాల్సిన పని కూడా లేదు, సిస్టమే రాసిపెడుతుంది. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ లాగ్, ఉబుంటులో ఏపీటీ హిస్టరీ, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్ హిస్టరీ. ఆ జాబితాలో కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), గ్రాఫిక్స్ డ్రైవర్, మీసా (గ్రాఫిక్స్ లైబ్రరీ), జీలిబ్‌సీ (దాదాపు అన్ని ప్రోగ్రాములూ వాడుకునే మూల లైబ్రరీ) పేర్లు కనిపిస్తే దొంగ దాదాపు దొరికినట్టే.

నాకు ఎక్కువసార్లు ఎదురైంది డ్రైవర్ గొడవ. ఎన్‌విడియా డ్రైవర్‌కు రెండు సగాలు ఉంటాయి: ఒకటి కెర్నల్‌లోకి ఎక్కే మాడ్యూల్, రెండోది ప్రోగ్రాములు వాడుకునే లైబ్రరీలు. రెండింటి వెర్షన్ ఒకటే కావాలి. అప్‌డేట్ వేసి రీబూట్ చేయకపోతే మెమరీలో పాత మాడ్యూల్, డిస్కు మీద కొత్త లైబ్రరీ. ఇద్దరికీ మాటలు కలవవు, ఆట బొమ్మలు గీయించుకునే వల్కన్ తెరుచుకోదు, ఆట నోరు మూసుకుని వెళ్లిపోతుంది. మందు: రీబూట్. ఇంత చిన్న విషయానికి మనుషులు సిస్టమ్ మొత్తం చెరిపేస్తున్నారు. ఫ్లాట్‌ప్యాక్‌లో (ప్రోగ్రాములను విడి పెట్టెల్లో నడిపే పద్ధతి) ఆడేవారికి ఇంకో మెలిక ఉంది. అక్కడ ఆ లైబ్రరీలకు వేరే ప్రతి ఉంటుంది, దాన్ని కూడా విడిగా అప్‌డేట్ చేయాలి. పాత ఆటలకైతే 32 బిట్ లైబ్రరీలు కూడా అదే వెర్షన్‌లో ఉండాలి. సంతకం లేని కోడ్‌ను ఆపే సెక్యూర్ బూట్ పెట్టుకున్నవారు కొత్త కెర్నల్‌తో మాడ్యూల్ అసలు ఎక్కిందో లేదో చూసుకోవాలి.

డ్రైవర్ మన చేతిలో పనే. లైబ్రరీల కథ అలా కాదు. పనిచేస్తున్న ప్రోగ్రామును కెర్నల్ మార్పు చెడగొట్టకూడదన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి పట్టుబట్టి నిలబెట్టిన నియమం. ఆ పట్టుదల పై అంతస్తుకు ఎక్కలేదు. 2022 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.36లో, లైబ్రరీలోని పేర్లను వెతకడానికి వాడే పాత తరహా హాష్ పట్టికను తీసేశారు. దానికి బదులు 2006 నుంచీ కొత్తది ఉందన్నది వారి వాదన. కానీ ఆటల్లో మోసాలను పట్టే ఈజీ యాంటీ చీట్ అప్పట్లో ఆ పాత పట్టికనే చదివేది. దాంతో ఆ యాంటీ చీట్ వాడే కొన్ని ఆటలు ఆగిపోయాయి, ఆర్చ్‌వారు పాత పట్టికను తమ ప్యాకేజీలో తిరిగి పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరిలో 2.41 వచ్చింది. ఎగ్జిక్యూటబుల్ స్టాక్ (మెమరీలోని తాత్కాలిక జాగాలో కోడ్ నడిపే అనుమతి) అడిగే లైబ్రరీని నడుస్తున్న ప్రోగ్రాములోకి ఎక్కించనని అది మొండికేసింది. భద్రత దృష్ట్యా సరైన పనే, కాదనను. కానీ ఎప్పుడో తయారుచేసి వదిలేసిన లైనక్స్ ఆటలో అలా అడిగే గుర్తును ఎవరు వచ్చి చెరుపుతారు? చివరికి ఆడేవాడే ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టు నేర్చుకుని చెరుపుకోవాలి.

అందుకే కొన్ని పాత ఆటలకు నేను లైనక్స్ ప్రతిని పక్కన పెట్టి, విండోస్ ప్రతినే ప్రోటాన్ మీద నడుపుతున్నాను. లైనక్స్ మీద అభిమానంతో ఇరవై ఏళ్లుగా ఉన్నవాడికి ఈ మాట రాయడం సిగ్గుగానే ఉంది. ప్రోటాన్‌ను రోజూ చూసుకునే మనుషులున్నారు, ఆ పాత ప్రతులకు లేరు.

2019 జూన్‌లో ఉబుంటు 32 బిట్ ప్యాకేజీలు ఇక ఉండవన్నప్పుడు ఎంత గొడవ జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోజుల్లోనే వెనక్కి తగ్గారు. అంటే గట్టిగా అడిగితే వింటారు. కానీ ‘ఆట రావడం లేదు’ అని అడిగితే ఎవరు వింటారు? లాగ్ పట్టుకుని అడగాలి. ఆటలు కొని ఆడుకునే స్టీమ్‌లో ఆట లాంచ్ ఆప్షన్స్‌లో ప్రోటాన్ లాగ్‌ను 1గా పెడితే హోమ్ ఫోల్డర్‌లో ఫైలు తయారవుతుంది. అది వేల వరుసల భాగవతం, నిజమే. అయినా చివరి యాభై వరుసలు చదివితే చాలాసార్లు దారి దొరుకుతుంది.

ఇదంతా నాకు ముందే తెలుసని అనుకోకండి. నిరుడు ఓ రాత్రి ఇలాగే ఆట తెరుచుకోకపోతే, ఎవరో చెప్పారని దాని ప్రిఫిక్స్ ఫోల్డర్‌ను (ప్రోటాన్ ఆ ఆటకు కట్టిపెట్టే ఉత్తుత్తి విండోస్) తీసేశాను. పేరు మార్చి పక్కన పెట్టినా సరిపోయేది, తీసేశాను. ఆ ఆట సేవ్‌లన్నీ అందులోనే ఉన్నాయి, క్లౌడ్‌లో ప్రతి లేదు. 41 గంటలు. ఆ తర్వాత చేసిన రీబూట్‌తో ఆట చక్కగా తెరుచుకుంది, మొదటి సన్నివేశం నుంచి.

ఇప్పుడు అప్‌డేట్లు ఆదివారం పొద్దున వేస్తున్నాను. పాత ప్యాకేజీలను చెరపడం లేదు, ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే) కెర్నల్ ఒకటి పక్కన ఉంచుకున్నాను. ఆ ఆట మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. మనసు రావడం లేదు.