పరువుతో పాటు ఇంకేం పోతాయి?

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఇంగ్లిష్ హిస్టారికల్ రొమాన్సుల కుప్ప ఒకటి ఉంటుంది. అట్ట మీద పొడుగాటి గౌను, వెనకాల కోట. నేను వాటికి పాత కస్టమర్‌ని, చిన్నచూపేమీ లేదు. కానీ ఒక కంప్లైంట్ ఉంది. పరువు పోతుందన్న భయం పేజీ పేజీకీ కనిపిస్తుంది. దాంతో పాటు ఇంకేం పోతాయో మాత్రం చెప్పరు.

కథ తెలిసిందే. తోటలో ఇద్దరూ ఒంటరిగా దొరికిపోతారు, ఊరంతా గుప్పుమంటుంది, హడావుడిగా పెళ్లి చేసేస్తారు. ఆ తర్వాత ఒక అపార్థం, ఒక పాత ఉత్తరం, వానలో క్షమాపణ. అంతే, నమ్మకం కుదిరిపోతుంది. ఆయన మనసులో నేనున్నానా లేనా అన్నదొక్కటే ఆమె టెన్షన్ అయినట్టు!

ఆ కాలపు ఇంగ్లండులో ఆడదాని టెన్షన్ వేరు. 1857 దాకా, మళ్లీ పెళ్లి చేసుకునే వీలుతో విడాకులు కావాలంటే పార్లమెంటు చేత ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోవాలి. 1700 నుంచి అప్పటిదాకా అలా వచ్చిన విడాకులు 300 పైచిలుకు. వాటిలో భార్యలు తెచ్చుకున్నవి నాలుగు.

భార్యకు ఇంకొకరితో సంబంధం ఉందని భర్త అనుకుంటే ఆ మగాడి మీద నష్టపరిహారం దావా వేసేవాడు, చేలో పశువు పడి మేస్తే వేసినట్టు. అందులో ఆమె పార్టీ కాదు, సాక్ష్యం చెప్పే వీలూ లేదు. 1836లో రచయిత్రి కరోలిన్ నార్టన్ భర్త ఏకంగా ప్రధాని లార్డ్ మెల్‌బోర్న్ మీదే ఇలా కేసు వేశాడు. జ్యూరీ కొట్టేసింది. ఆమె గెలిచినట్టే కదా అనుకుంటాం. తప్పు రుజువు కాలేదు కాబట్టి భర్త విడాకులివ్వలేడు, ఆమె అడిగి తెచ్చుకునే దారి ఎలాగూ లేనట్టే. ముగ్గురు కొడుకులూ తండ్రి చేతిలోనే. ఆమె రాసి సంపాదించిన డబ్బు కూడా చట్టప్రకారం ఆయనదే. ఆమె పట్టుబట్టి పోరాడాకే, పసిపిల్లల కోసం తల్లి కోర్టు గడప తొక్కడానికి 1839 చట్టం దారి ఇచ్చింది.

ఇది తెలిశాక అదే నవల మళ్లీ చదవండి. నాయిక పెళ్లికి సరే అనడమంటే ఆస్తినీ, సంపాదననూ, పుట్టబోయే పిల్లలనూ ఒక మనిషి మంచితనానికి వదిలేయడం. ఇంత పెద్ద పందాన్ని ఉత్తరం తారుమారైన గొడవగా తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మన తెలుగు కథలు తక్కువేం కాదు. గడీలు, జమీందార్లు, ప్రేమలు అన్నీ ఉంటాయి. విడాకులు మాత్రం నిన్నగాక మొన్న విదేశాల నుంచి దిగినట్టు రాస్తారు. పల్లెల్లో చాలా కులాల్లో పెద్దమనుషుల ముందు తెగతెంపులు, ఆపైన మారుమనువు ఎప్పటినుంచో ఉన్నవే. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ప్రకారం జరిగే విడాకుల జోలికి పోలేదు, 29వ సెక్షన్‌లో వాటిని అలాగే ఉంచింది. పాతబస్తీలో ఖులా, అంటే ముస్లిం భార్య తానే అడిగి తీసుకునే విడాకులు, అన్న మాట తెలియని ఇల్లుండదు. మన రచయితలు గడీ కిటికీలోంచే ఊరిని చూస్తున్నారేమో.

హైదరాబాద్ ప్రేమకథ అనగానే కోఠీ రెసిడెన్సీ, అందులో ఉన్న బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, అతను పెళ్లాడిన ఖైరున్నీసా. 1805లో అతను కలకత్తాలో చనిపోయాక ఆమె అతని అసిస్టెంటు హెన్రీ రసెల్‌ను నమ్మింది. అతను ఆమెను మచిలీపట్నంలో వదిలేసి వేరే పెళ్లి చేసుకున్నాడు. ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ, అందమైన మేడకు నప్పదు కాబోలు.

నాకు అంతకంటే గుచ్చుకునేది 1892 నాటి రచ్చ. నిజాం ప్రభుత్వంలో హోం సెక్రటరీ మెహదీ హసన్, ఆయన భార్య ఎలెన్. ఆమెది ఐరిష్ మూలాలున్న కుటుంబం. లండన్ వెళ్లి విక్టోరియా రాణిని కలిసి వచ్చిన జంట. ఒకరోజు ఊళ్లో ఒక ఇంగ్లిష్ కరపత్రం పంచారు. ఎలెన్ ఒకప్పుడు ఒళ్లమ్ముకుని బతికిందని, వీళ్లకు అసలు పెళ్లే కాలేదని అందులో ఉంది. భర్త పరువునష్టం కేసు వేశాడు. నెలల తరబడి విచారణ, వాళ్ల పడకగది సంగతులన్నీ బజారున పడ్డాయి. చివరికి కేసూ ఓడిపోయాడు, ఉద్యోగమూ పోయింది.

మన ఫార్ములా ప్రకారం ఇక్కడ అనుమానం రావాలి, ఎలెన్ ఏడుస్తూ ఇల్లు వదలాలి. వాళ్లు విడిపోలేదు. ఇద్దరూ కలిసే లక్నో వెళ్లిపోయారు. 1904లో ఆయన పోయేదాకా అలాగే ఉన్నారు. ఆ కేసు గురించి కొన్ని వేల మాటలు రికార్డుల్లో మిగిలాయి. లక్నోలో ఆ పదేళ్లూ రాత్రి దీపం ఆర్పేముందు ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరైనా నవల రాస్తే, కొత్తదైనా సరే, పూర్తి ధర పెట్టి కొంటాను.